తంగేడు: మా జేజి ‘వద్దు’ అన్న మాటలు

(కడపలోని ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్ర విద్యార్థులను, ఊరి పెద్దలను ఉద్దేశించి ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కింద చాపలు పరిచినారు. ఈ బల్ల మీదున్న కొమ్మలు మీకు బాగా కనపడాల. చెట్టును చూడకుండా చెట్టు గురించి వింటే రేపు పొద్దునకల్లా మర్చిపోతారు.

ఇవి ఈ పొద్దు తెల్లవారి సిద్ధవటం తట్టు ఒక మిట్ట మీద విరుచుకొచ్చినాను. రెండు రకాలున్నాయి. రెండిటికీ పసుపు పూలే, రెండిటికీ ఈకల మాదిరి ఆకులే. ఎడమ పక్కనున్నది తంగేడు. కుడి పక్కది ఏమిటో చివర్లో చెప్తాను. అంతవరకు దాని కాయలు ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు.

తంగేడు తెలియనివాళ్ళు ఈ జిల్లాలో ఉండరు. వానలు పడి వెనక్కి తగ్గిన ఆశ్వయుజం, కార్తీకం దినాల్లో రాయచోటి దారిన పోయినా, ఎర్రగుంట్ల మీదుగా తాడిపత్రి పోయినా రోడ్డుకు రెండు పక్కలా పసుపుపచ్చగా వెలిగేది ఇదే. ఎర్రనేల, రాతినేల, చౌడు, దేన్నీ కాదనదు. వగరు ఎక్కువ కాబట్టి మేకలు కూడా దీన్ని పెద్దగా ముట్టవు. అందుకే మంద మేసిపోయిన బీట్లో ఇంకేమీ మిగలకపోయినా తంగేడు పొదలు మిగుల్తాయి. తెలంగాణ వాళ్ళు 2014లో దీన్ని రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చరు. తమిళనాట దీన్ని ఆవారం అంటారు, భోగినాడు వేపాకుతో కలిపి ఇంటి చూరుకు కడతారు. శ్రీలంకలో రణవర అని పేరు, ఎండిన పూలు కాచి టీ మాదిరి తాగుతారు. మన సీమలో దీనికి అంత మర్యాద జరగదు. మనకిది పనికొచ్చే చెట్టు. బావి నీళ్ళు తోడే కపిల బానకు తోలు కావాలన్నా, మడిలోకి పచ్చాకు కావాలన్నా, పొద్దున పళ్ళు తోముకోవాలన్నా చెయ్యి దీని మీదికే పోయేది.

చెట్లకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టినాడు. ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నాం. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఏవి ఆ చెవులు? ఇట్ల చూడండి. ఆకు తొడిమ కాండానికి అతుక్కున్న చోట, ఇటొకటి అటొకటి, గుండ్రంగా చిన్న రేకుల మాదిరి ఉన్నాయి కదా. మీ పుస్తకంలో పుచ్ఛాలు అని చదువుకున్నారే, అవి. చాలా చెట్లలో పుచ్ఛాలు దారప్పోగు మాదిరి ఉండి రాలిపోతాయి. తంగేడులో ఇవి అచ్చం మేకపిల్ల చెవుల్లా పెద్దగా ఉంటాయి, ఆకున్నన్నాళ్ళూ ఉంటాయి. ఈ చెవులను గుర్తు పెట్టుకోండి. ఈ పొద్దు నేను చెప్పేదంతా మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ఇక పువ్వు. అయిదు రేకులు, అంచులు కొంచెం ముడతలు పడి ఉంటాయి. కేసరాలు పది. పైన మూడు పొట్టివి, వాటిలో పుప్పొడి ఉండదు, వంధ్య కేసరాలు. కిందివి పొడుగ్గా కొక్కెం మాదిరి వంగి ఉంటాయి. ఈ పువ్వులో తేనె చుక్క లేదు. మరి తుమ్మెద ఎందుకొస్తుంది? పుప్పొడి కోసం. ఆ పుప్పొడి కూడా ఊరికే రాలదు; పరాగకోశం, అంటే పుప్పొడి ఉండే తిత్తి, కొసన ఉన్న సన్నటి రంధ్రంలో నుంచే బయటికి రావాల. మీరు ఒకసారి పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు తంగేడు పొద పక్కన ఊరికే కూర్చోండి. నల్లటి పెద్ద తుమ్మెద వస్తుంది, రెక్కలు నీలంగా మెరుస్తుంటాయి. ఎగిరేటప్పుడు ఒక రకం రొద. పువ్వు మీద వాలి కేసరాలను కాళ్ళతో కరుచుకుంటూనే ఆ రొద మారిపోతుంది, సన్నగా, గట్టిగా, ఎవరో పంటి బిగువున మూల్గినట్టు వినపడుతుంది. రెక్కలు కదలవు, ఒళ్ళంతా అదురుతుంది. ఆ అదురుకు ఉప్పుడబ్బా కదిలించినట్టు పుప్పొడి జల్లుమని రాలుతుంది. నేను ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పినాను. ఆ గొంతు మారే క్షణం విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు మందుల సంగతికి వద్దాం. ముందు తోలు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే తోలు అర్థమైతే మందు సగం అర్థమైనట్టే.

మా ఊరు కమలాపురం తట్టు. నా చిన్నప్పుడు మా బావికి ఇంకా కపిల ఉండేది. ఎద్దులు దిగువకు పోతే తోలు బాన నీళ్ళు నింపుకుని పైకొచ్చేది. ఆ తోలు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానుతూ, ఎండలో ఎండుతూ కుళ్ళకుండా ఎట్లుండేది? మా ఊరి మాదిగపేటలో పెద్దలు దాన్ని పదును చేసేవాళ్ళు. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు గీకేసి, కడిగి, లందలో వేస్తారు. లంద అంటే తోళ్ళు నానేసే తొట్టి. అందులో తంగేడు పట్ట దంచి పోస్తారు. పట్ట అంటే బెరడు. దినాల తరబడి తోలు ఆ ఎర్రటి నీళ్ళు తాగుతుంది. ఏ కాలేజీలోనూ నేర్పని రసాయనశాస్త్రం అది. తంగేడు పట్టలో నూటికి దాదాపు పద్దెనిమిది పాళ్ళు టానిన్ ఉంటుంది. టానిన్‌కు ఒక గుణముంది: మాంసకృత్తులను పట్టుకుని బిగించేస్తుంది. తోలులోని మాంసకృత్తి ఒకసారి అట్ల బిగిసిపోయినాక దాన్ని సూక్ష్మజీవులు తినలేవు, నీళ్ళు మెత్తబరచలేవు. ఇంగ్లీషువాళ్ళు దీనికి పెట్టుకున్న పేరే చర్మకారుల కాసియా. ఒకప్పుడు మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోళ్ళను ఎక్కువగా పదును చేసింది ఈ పట్టే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ తుమ్మ బెరడు దిగుమతైంది, క్రోమ్ ఉప్పులతో పదును చేసే పద్ధతీ వచ్చింది, తంగేడు పట్ట అడిగేవాళ్ళు తగ్గిపోయినారు.

ఆ పట్టనే మా జేజి, అంటే మా నాయన తల్లి, నోటి పూతకు వాడేది. చిగుళ్ళు వాచి నెత్తురు కారుతున్నా, నోరంతా పొక్కినా, పట్ట ముక్క వేసి కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించమనేది. నోట్లో పోసుకుంటే నాలుక దగ్గరికి లాక్కుపోతుంది. వగరు అంటే అదే. లందలో తోలుకు జరిగిందే నోట్లో పుండు మీది పల్చటి పొరకు కొంచెంగా జరుగుతుంది. పైపొర బిగిసి, కింది పుండుకు ఊపిరాడే సమయం దొరుకుతుంది. ఇది నేను నమ్మే వైద్యం. అయితే ఆమె ప్రతిసారీ ఒక మాట తప్పకుండా అనేది: “పుక్కిలించి ఉమ్మెయ్. మింగొద్దు.”

ఆ ‘వద్దు’ గురించి మాట్లాడడానికే ఈ పొద్దు నేనొచ్చింది.

మా జేజికి అక్షరాలు రావు. చెట్ల మందులు మాత్రం ఆమెకు తెలిసినన్ని నాకు తెలియవు. బెణికిన కాలికి తంగేడు ఆకు ఆముదంలో వెచ్చజేసి కట్టు కట్టేది. ఎండలో గొర్ల వెంట పోయేవాళ్ళు తలగుడ్డ కింద పచ్చి తంగేడు రెమ్మలు పెట్టుకునేవాళ్ళు, నడినెత్తి చల్లగా ఉంటుందని. మా ఇంట్లో ఎండిన పూలు, పెసలు, శీకాయ కలిపి విసిరి, ఆ పిండితోనే ఆదివారం తలంట్లు. లేత పూలు దొరికినప్పుడు కందిపప్పులో వేసి ఎనిపేది. కొంచెం చేదు, కొంచెం వగరు, సంగటిలోకి బాగుండేది. విరేచనాలకు పట్ట కషాయం కొద్దిగా. అతిమూత్రం అనేవాళ్ళు అప్పుడు, ఇప్పుడు మనం షుగర్ అంటున్నాం, దానికి పూమొగ్గలు నీడన ఎండబెట్టి పొడిచేసి ఇచ్చేది.

నేను అధ్యాపకురాలినైన తర్వాత ఒక ఎండాకాలం సెలవుల్లో ఆమె చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. రాసింది తర్వాత చదువుకుంటే ఒక సంగతి కంటబడింది. ఆమె చెప్పిన దాంట్లో సగం ‘ఇది చెయ్యి’ అనే మాటలు. తక్కిన సగం ‘ఇది వద్దు’ అనే మాటలు. కడుపుతో ఉన్నదానికి ఇయ్యొద్దు. పసిబిడ్డకు ఇయ్యొద్దు. పొడి నలభై దినాలు దాటొద్దు, దాటితే నిలిపి మళ్ళా చూసుకోవాల. పొద మొత్తానికి పట్ట ఒలవొద్దు, ఒక పక్కనే తీసుకోవాల. బాట పక్క పొద కొయ్యొద్దు. “నాలుగు దినాల్లో తగ్గకుంటే నా దగ్గరికి రావొద్దు, ఎర్రగుంట్ల డాక్టరు దగ్గరికి పో” అని ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఇది ఓటమి అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆమె వైద్యంలో అదొక భాగం.

పట్ట చుట్టూ ఒలవొద్దన్నది చూడండి. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు మీరు, ఎందుకో మీకే తెలుసు. చుట్టూ ఒలిస్తే ఆకు చేసిన ఆహారాన్ని వేరుకు మోసే పోషక కణజాలం తెగిపోయి వేరు ఆకలితో చస్తుంది. ఆమెకు ఆ మాట తెలియదు, సంగతి తెలుసు.

నలభై దినాలు దాటొద్దు అన్నది ఇంకా లోతైన మాట. శ్రీలంకలో రణవర టీ ఇంటింటా తాగుతారని చెప్పినాను కదా. 1981లో అక్కడి శాస్త్రజ్ఞులే తమ నాటు మందుచెట్లను పరీక్షిస్తే తంగేడులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కనపడినాయి. ఇవి కాలేయానికి చేటు చేసే పదార్థాలు. ఒక దినం తాగితే ఏమీ తెలియదు. మెల్లగా, నొప్పి లేకుండా, నెలల తరబడి పని చేస్తాయి. అంటే తంగేడు విషమని కాదు నేను చెప్పేది. ఎన్నాళ్ళు, ఎంత అన్న లెక్క ముఖ్యమని. ఆ నలభై దినాల గీత ఎవరు గీసినారో నాకు తెలియదు. ఏ కాలంలోనో ఎవరికో ఏదో జరిగి ఉంటుంది, చూసినవాళ్ళు ఒక గీత గీసి పోయినారని నా ఊహ.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి చెప్తాను. ఆయన అనుమతి తీసుకునే చెప్తున్నాను. “చెప్పు పాపా, నలుగురికీ తెలియనీ” అన్నాడు.

ఆయనకు పదేళ్ళుగా షుగర్. మాత్రలు సక్రమంగా వేసుకునేవాడు. రెండేళ్ళ కిందట ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. తంగేడు పూల కషాయం పరగడుపున తాగితే షుగర్ సమూలంగా పోతుంది, ఇంగ్లీషు మందులతో పనిలేదు అని. మా చిన్నాయనకు ఇది తెలిసిన చెట్టు, తన తల్లి చేతిలో చూసిన చెట్టు. అందుకే నమ్మినాడు. మాత్రలు పక్కన పెట్టి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు మొదలుపెట్టినాడు. మొదట్లో ఒళ్ళు తేలికగా ఉందన్నాడు. రక్త పరీక్ష చేయించలేదు. మూడు నెలలు గడిచింది. కొత్త చెప్పు కరిచి కాలి వేలు దగ్గర చిన్న పుండు అయింది. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, నొప్పి తెలియదు, ఆయనా పట్టించుకోలేదు. మా పిన్నమ్మ ఒక రాత్రి వాసన వస్తోందని సాక్సు ఊడదీసి చూసి కేక పెట్టింది. ఆస్పత్రికి పోయేసరికి రెండు వేళ్ళు నల్లబడినాయి. తీసేసినారు. ఇప్పుడు ఆయన బాగున్నాడు, ఇన్సులిన్ వేసుకుంటున్నాడు, సేద్యానికి మాత్రం పోలేడు. మొన్న పండక్కి పోయినప్పుడు తన కాలు చూసుకుంటూ నన్నడిగినాడు: “మా అమ్మ ఇదే పువ్వు ఇచ్చేది గదా పాపా. ఆమె చేతిలో మంచి చేసింది నా చేతిలో ఎందుకు చేయలేదు?”

ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్పినాను. మీకూ చెప్తాను.

జేజి దగ్గరికి అతిమూత్రంతో వచ్చినవాళ్ళకు ఆమె పువ్వొక్కటే ఇయ్యలేదు. బెల్లం మాన్పించింది, వరిబువ్వ తగ్గించి కొర్ర, సజ్జ తినమంది, దినమూ వచ్చి కనపడమంది. చీమలు మూత్రానికి పడుతున్నాయా అని అడిగేది, ఆ కాలపు పరీక్ష అదే. అయినా ఎందరో ఆమె చేతిలోనే పోయినారు, ఆ మాటా దాచకూడదు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడా సరైన మందు లేదు. మందు లేని కాలంలో చేతికందిన చెట్టుతో ఆయువు కొంచెం పొడిగించిన మనుషులు వాళ్ళు. వాళ్ళ వైద్యాన్ని మందున్న కాలంలో మందుకు అడ్డం పెడితే వాళ్ళు మెచ్చుకోరు. మా జేజి అయితే చీవాట్లు పెట్టేది.

మరి తంగేడు పువ్వులో గుణమే లేదా? ఉంది. 2002లో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు తంగేడు పూల సారాన్ని షుగర్ తెప్పించిన ఎలుకలకు ఇచ్చి చూసినారు. రక్తంలో చక్కెర తగ్గింది, కొవ్వులూ తగ్గినాయి. తర్వాత ఇట్లాంటి పరీక్షలు చాలా జరిగినాయి. సిద్ధ వైద్యంలో ఆవారై కుడినీర్ అనే కషాయం ఇప్పటికీ ఇస్తారు. అందులో తంగేడుతో పాటు రేల, నేరేడు, తెల్లమద్ది, తుంగగడ్డ లాంటివి మొత్తం ఏడు చేరతాయి. నేర్చుకున్న వైద్యుడు మనిషిని చూసి, కొలిచి ఇచ్చే మందు అది. ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎంత మోతాదులో, ఎన్నాళ్ళు, ఏ చేటూ లేకుండా పనిచేస్తుందో తేలాలంటే వేలమంది మీద ఏళ్ళ తరబడి చూడాల. ఎలుక ఫలితాన్ని నేరుగా గ్లాసులో పోసుకుని తాగితే అది శాస్త్రమూ కాదు, జేజి వైద్యమూ కాదు.

అసలు చెట్టుకూ మాత్రకూ శత్రుత్వం ఉందని ఎవరు చెప్పినారు మనకు? ఈ గదిలో పెద్దలు చాలామంది షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటూ ఉంటారు. దాని పుట్టుక తెలుసా? ఐరోపాలో గలేగా అనే పూలమొక్క ఉంది. లేత ఊదా పూలు పూస్తుంది. అది చిక్కుడు కుటుంబం, అంటే మన తంగేడు కుటుంబమే. దాన్ని అక్కడి పల్లెల్లో పాత కాలం నుంచి నాటు మందుగా వాడేవాళ్ళు. అందులోని పదార్థం చక్కెర తగ్గిస్తుంది గానీ, అట్లే ఇస్తే ప్రమాదకరం. శాస్త్రజ్ఞులు ఆ జాడ పట్టుకుని, దాని చేటు తగ్గించిన రూపం కోసం దశాబ్దాలు వెతికినారు. 1957లో జీన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు మెట్‌ఫార్మిన్‌ను మనుషుల షుగర్‌కు వాడిన ఫలితాలు ప్రచురించినాడు. ఆ మాత్ర కూడా ఒకప్పుడు పువ్వే. పువ్వుకూ మాత్రకూ మధ్య ఉన్నది కొలత. మన అడ్డసరం చూడండి, దగ్గుకు మన పెద్దలు ఇచ్చిందే. దానిలోని వాసిసిన్ నుంచే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు పుట్టింది.

మాత్రలు మానకుండా పైపెచ్చు కషాయం తాగేవాళ్ళకు కూడా ఒక మాట. రెండూ కలిసి చక్కెరను మరీ కిందికి లాగొచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే అది ఉపవాసం నీరసం అనుకోవద్దు, వెంటనే చక్కెర నోట్లో వేసుకుని డాక్టరును కలవండి. మూర్ఛకు కార్బమజెపైన్ వేసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త. ఆ మందుతో పాటు తంగేడు ఇచ్చిన ఎలుకల రక్తంలో ఆ మందు పాళ్ళు బాగా పెరిగినట్టు పరీక్షల్లో తేలింది. మీరు ఏ ఆకు తాగుతున్నా, ఏ పువ్వు కాచుకుంటున్నా డాక్టరుకు చెప్పండి. కోప్పడతారని దాచవద్దు. మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చేయించుకోండి, అది మూడు నెలల చక్కెర సగటు చెప్తుంది, దానికి అబద్ధం తెలియదు. మా చిన్నాయన ఆ ఒక్క పరీక్ష చేయించుకుని ఉంటే ఆయన వేళ్ళు ఆయనకు ఉండేవి.

నాకు బాధ కలిగేది ఎక్కడంటే, జేజి చెప్పిన రెండు సగాల్లో ఒక సగమే ఫోన్లలో తిరుగుతోంది. ‘చెయ్యి’ అన్నది కోటిమందికి చేరింది. ‘వద్దు’ అన్నది ఆమెతోనే కాటికి పోయింది. అంగళ్ళలో తంగేడు పూల పొడి ప్యాకెట్లు అమ్ముతున్నారు. దాని మీద ఎంత వేసుకోవాలో ఉంటుంది. ఎవరు వేసుకోకూడదో చాలావాటి మీద ఉండదు. అవి ఏ బాట పక్క పూలో, ఎక్కడ ఎండబెట్టినారో తెలియదు.

చెట్టు కూడా పోతోంది. గట్లన్నీ చదును చేసేస్తున్నాం. జేసీబీ ఒక పూటలో మిట్టను మైదానం చేస్తుంది. వాన తగ్గిన ఏట చెనిక్కాయ ఎండిపోయినా గట్టు మీద తంగేడు పూసేది, ఇప్పుడు గట్టే లేదు. రికార్డుల్లో మనం బంజరు అని రాసుకునే ఈ పొదల నేల ఎంత విలువైనదో మన జిల్లాకే ముందు తెలియాల. కలివికోడి సంగతి విన్నారు కదా. ప్రపంచం నుంచే పోయిందనుకున్న పక్షి, 1900 తర్వాత ఎవరి కంటా పడనిది, 1986లో ఇదిగో ఈ సిద్ధవటం పక్క రెడ్డిపల్లె దగ్గర కనపడింది. అడవిలో కాదు, నదిలో కాదు, కలివి పొదలు, తంగేడు పొదలు, రేగు పొదలు కలిసిన మిట్ట నేలలో. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. నేను ఈ పొద్దు కొమ్మలు విరిచిన మిట్ట దానికి ఎంతో దూరం లేదు. మూడు కొమ్మలే విరిచినాను, అవీ పొదకొకటి.

సరే, ఇప్పుడు కుడి పక్క కొమ్మ. ఇది కసింద. కొన్ని ఊళ్ళల్లో కసివింద అంటారు. సెన్నా ఆక్సిడెంటాలిస్. తంగేడుకు చెల్లెలి వరస. ఊరి దిబ్బల మీద, రోడ్డు పక్కన, బడి గోడల వెంట పెరుగుతుంది. పట్నంలో పెరిగిన పిల్లలు దీన్ని తంగేడు అనుకుని పూలు కోసుకుపోవడం నేను నా కళ్ళతో చూసినాను.

ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో, సహారన్‌పూర్ తట్టు, ఏటా వానాకాలం అయిపోయినాక చిన్న పిల్లలు ఉన్నట్టుండి వాంతులై, స్పృహ తప్పి, రెండు మూడు దినాల్లో చనిపోయేవాళ్ళు. చాలా ఏళ్ళు మెదడువాపు అనుకున్నారు. చివరికి డాక్టర్లు ఇంటింటికీ తిరిగి, పిల్లలు ఏం తిన్నారో అడిగి అడిగి కనిపెట్టినారు. ఆడుకుంటూ ఈ కసింద కాయలు చిక్కుడు మాదిరి ఒలుచుకుని గింజలు తిన్నారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతిన్నాయి. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా మెదడువాపుతో పాటు ఈ గింజల మీద అనుమానం వచ్చింది. తిన్నది ఆకలిగొన్న పేదింటి పిల్లలు. వాళ్ళకు ‘వద్దు’ అని చెప్పే జేజి ఆ పూట పక్కన లేదు.

కాబట్టి ఇప్పుడు అందరూ లేచి ఈ బల్ల చుట్టూ రండి. తోసుకోవద్దు, అందరికీ సమయముంది. ముందు ఆకులు లెక్కపెట్టండి. తంగేడు ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు, కొసలు మొండిగా ఉంటాయి. కసిందకు నాలుగైదు జతలే, పెద్దవి, కొసలు సూదిగా ఉంటాయి. కసింద ఆకు నలిపితే వెగటు వాసన వస్తుంది, ఇప్పుడు మీరు నలపొచ్చు, తర్వాత చెయ్యి కడుక్కోండి. భూతద్దం తీసుకో అమ్మా. తంగేడు ఈనె మీద ప్రతి జత మధ్య ఒక చిన్న గ్రంథి, ఆవగింజ కంటే చిన్నది, కనపడిందా? కసిందకు తొడిమ మొదట్లో ఒక్కటే ఉంటుంది. కాయలు చూడండి: తంగేడు కాయ కాగితం మాదిరి పల్చన, చదును. వేళ్ళ మధ్య పట్టుకుని ఊపితే చప్పుడవుతుంది. కసింద కాయ మందంగా, కొడవలి మాదిరి కొంచెం పైకి వంగి, అంచు లేత రంగులో ఉంటుంది.

పూలు చూసి మాత్రం తేల్చొద్దు, రెండూ పచ్చగానే ఉంటాయి. వేలు పెట్టి ఆ తొడిమ మొదలు తడుముతూ పోండి. ఏ కొమ్మకు మేకపిల్ల చెవులు తగుల్తాయో, అది తంగేడు. ఆ, నువ్వే నాయనా, ముందు నువ్వు తడిమి చూడు.